ఇవి కూడా చూడుము

హన్మకొండ — చూడుము: హనుమకొండ.
ఓరుగల్లు — చూడుము: వరంగల్.
పొద్దున పదింటి నుంచి ఇదే నా పని,
ఒక్క ఊరికున్న పేర్లన్నిటినీ
ఒక్క గడప ముందు నిలబెట్టడం.

యూనివర్సిటీ లైబ్రరీ, రెండో అంతస్తు, మూల గది.
ఏసీ సర్వర్‌కు, ఫ్యాను నాకు.
బీరువాలో నూట పన్నెండు క్యాసెట్లు,
ఎప్పటిదో ఒక పీహెచ్‌డీ అయిపోయాక
మళ్లీ ఎవరూ అడగనివి.

ఇవాళ్టిది నలభై ఏడోది.
మీద నీలిసిరాతో: "నాటు పాటలు. పర్వతగిరి దిక్కు. 1986.
ముగ్గురు స్త్రీలు."
అంతే.

తెర మీద గళ్లు నోరు తెరుచుకొని ఉన్నాయి.
కర్త అనే గడిలో
టేపురికార్డరు పట్టుకున్నాయన పేరు, ఇంటిపేరుతో సహా.
పాడినవాళ్లకూ గడి ఉంది,
అందులో పెట్టడానికి పేరు లేదు.
భాష: తెలుగు.
నిడివి: నలభై నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.
హక్కులు:
ఇక్కడ నా వేలు ప్రతిసారీ ఆగుతుంది.

రెండో వైపు, పద్నాలుగో నిమిషం,
పాటకూ పాటకూ నడుమ
బురదలోంచి కాలు తీసిన చప్పుడు,
దూరం నుంచి ఎవరిదో కేక:
"ఓ బుచ్చవ్వా, సద్దికి రావే!"
ఒక గొంతు నవ్వి "వస్తన్న తియ్" అంటుంది.
మూడింటిలో అది ఏ గొంతో
పదకొండు సార్లు వెనక్కి తిప్పి పట్టుకున్నాను,
కొంచెం జీర, చరణం ఎత్తుకునేది ఆమే.
గాయని: బుచ్చవ్వ.
మిగిలిన ఇద్దరికీ
"పేరు తెలియదు" అని కొట్టి,
కాసేపు చూసి,
"పేరు రాసుకోలేదు" అని మార్చాను.

సారంగపాణి సార్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
"ఆధారం?" అన్నాడు.
"పద్నాలుగో నిమిషం, సార్."
ఇంకేం అనలేదు. సంతకం మాత్రం సాయంత్రానికి వాయిదా.

పోశక్క తడిగుడ్డ వేసుకుంటూ వచ్చి
స్పీకర్‌లో వదిలిన పాట దగ్గర ఆగింది.
"గిది నాటు పాట గాదు బిడ్డా. కలుపు పాట."
ఎట్ల తెలుసు?
"నాటేటప్పుడు ఎనక్కి ఎనక్కి నడుస్తం.
కలుపుకాడ ముందటికి.
గీ పాట ముందటికి పోతున్నది, ఇనవడ్తలేదా?"
కర్ర పట్టుకొని, తడి టైల్సు మీద
రెండడుగులు వెనక్కి, నాలుగు ముందుకు వేసి చూపించింది.
బకెట్టు తన్నుకుంది. నీళ్లన్నీ నా కుర్చీ కిందికి.

విషయం గడిలో ఉన్న మాట కొట్టేశాను.
మాకిచ్చిన పదాల పట్టికలో "వ్యవసాయ గీతాలు" ఉంది,
పాట ఏ వైపు నడుస్తుందో చెప్పే పదం లేదు.
గమనిక గడి తెరిచి రాశాను:
"విషయం సరిచేసినవారు ఆరెల్లి పోశక్క,
ఈ లైబ్రరీ ఊడుస్తారు,
ఇరవై ఏండ్లు నాట్లకూ కలుపులకూ పోయినారు."
అక్షరాలు ఎక్కువైనాయన్నది కంప్యూటర్, చివరి వరుస మింగేసింది.
ఊడుస్తారు అన్న మాట తీసేశాను.
ఇరవై ఏండ్లు పట్టినాయి.

నెల గడిచాక, ఎవరేం వెతికారో చిట్టా చూస్తుంటే
రాత్రి రెండూ పదికి ఒక మాట: బుచవ్వ.
ఒత్తు లేదు. ఫలితాలు: సున్నా.
రెండూ పన్నెండుకు: బుచ్చమ్మ పర్వతగిరి.
సున్నా.
తర్వాత ఏమీ లేదు.

ఎవరై ఉంటారు?
చిట్టాలో గంటలూ నిమిషాలే ఉంటాయి.

ఈ పొద్దు వచ్చీ రాగానే, చాయ్ కూడా తాగకుండా,
బుచవ్వ — చూడుము: బుచ్చవ్వ.
బుచ్చమ్మ — చూడుము: బుచ్చవ్వ.
బుచ్చక్క కూడా పెట్టాను, ఎందుకైనా మంచిది.

నలభై ఎనిమిదో క్యాసెట్టు మీద
ఏమీ రాసి లేదు.